ఒక బొట్టుది ముందు, రెండు బొట్లది తర్వాత

"నా తలకి మాత్రం దీని చేత ఏమీ రాయించకండి. పచ్చగా చేసి పంపిస్తుంది."

ఇది నాతో పొడులు దంచిన ఆవిడ ఆఖరి మాట. పక్కనున్న కోడలితో అంది గానీ నాకు వినపడాలనే అంది. మంచం మీద లేచి కూచునే ఓపిక లేదు, ముక్కుపొడి డబ్బా మాత్రం దిండు కింద భద్రంగా ఉంది.

"పోయేదానికి రంగులెందుకే. నోరు మూసుకుని పడుకో" అన్నాను. ఇది నా ఆఖరి మాట.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడకి నవ్వితే దగ్గొచ్చింది. మర్నాడు పొద్దున్నకి పోయింది.

పోయే మనిషితో అలా మాట్లాడతారా అని మా మనవరాలు రాయడం ఆపి నా మొహం చూస్తోంది. రాయవే, ఆగకు. ఇరవై ఏళ్ళు ఒకే పెరట్లో ఒకే రోటి దగ్గర చెరో రోకలి పట్టుకున్న ఆడవాళ్ళు ఇంకెలా మాట్లాడుకుంటారు. ఇలా మాట్లాడుకోకుండా నాలుగు నెలలు గడిపాం ఒకసారి. ఆ నాలుగు నెలలకీ ఒక పెద్దమనిషి తల బలైంది. ఈ ఆకుల పనిలోకి, పొడుల పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారట, వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా చెప్పమంది ఇది. పనికొచ్చేది నాకేం తెలుసు. జరిగింది చెప్తాను.

నూజివీడు బజారులో ఒక షావుకార్ల కొట్టు. ముందువైపు పచారీ సామాన్లు, అక్కడ అయ్యగారు. వెనక పెరట్లో తలంటు సామాన్లు, అక్కడ అమ్మగారు, ఆవిడ కింద మేమిద్దరం. కుంకుడుకాయలు కొట్టి గింజ తియ్యడం, సీకాయ దంచడం, పెసలూ కచ్చూరాలూ కస్తూరి పసుపూ కలిపి సున్నిపిండి చెయ్యడం, గుంటగలగరాకూ మందారాకూ వేసి నూనె కాయడం, గోరింటాకు నీడన ఎండబెట్టి పొడి కొట్టడం. మామిడికాయల సీజన్లో ఊరంతా గడ్డి వాసన, పండ్ల వాసన, లారీ పొగ వాసన వస్తుంటే మా పెరట్లో మాత్రం పెళ్ళిపందిరి వాసన వచ్చేది. పెళ్ళిళ్ళవాళ్ళు నలుగుకి సున్నిపిండి మా దగ్గరే కొనేవాళ్ళు మరి.

నేను ముందు చేరాను. తర్వాత ఆ పోయినావిడ వచ్చింది. నన్ను వదినా అనేది, నేను దాన్ని ఏమే అనేదాన్ని. పని నేనే నేర్పాను. అన్నీ నేర్చుకుంది గానీ వాసన మాత్రం పట్టుబడలేదు. పగలంతా ముక్కుపొడి పీల్చే మనిషికి వాసనేం తెలుస్తుంది. సీకాయ ఏదో సున్నిపిండి ఏదో రంగు చూసి చెప్పేది. రంగు ఒకటే అయితే అయిపోయింది దాని పని.

రంగు ఒకటే అయినవి రెండున్నాయి. గోరింటాకు పొడి, నీలాకు పొడి. నీలాకంటే నీలిచెట్టు ఆకు. రెండూ పచ్చగానే ఉంటాయి, రెండూ మెత్తగానే ఉంటాయి. నెరిసిన జుట్టుకి ముందు గోరింటాకు పెడితే ఎర్రబడుతుంది, కడిగి దాని మీద నీలాకు పెడితే నల్లబడుతుంది. వరస తప్పకూడదు. ఈ రోజుల్లో పది నిమిషాల్లో నల్లబడే గోరింటాకు అని అమ్ముతున్నారు. అమ్మాయిలూ, పది నిమిషాల్లో నల్లబడితే అది గోరింటాకు కాదు, అందులో ఇంకేదో ఉంది. గోరింటాకు మీ పని అయ్యేదాకా ఆగదు, తన పని అయ్యేదాకా మిమ్మల్ని ఆపుతుంది.

పొట్లాలన్నీ ఒకటే రకం కాయితం. పేర్లు రాయాలంటే మా ఇద్దరికీ చదువు రాదు. నా పేరు నేను రాసుకోగలను, అదీ స్థిమితంగా కూచోబెడితే. అందుకని బొట్టు పెట్టేవాళ్ళం. సున్నిపిండికి పసుపు బొట్టు. గోరింటాకుకి ఒక కుంకుమ బొట్టు. నీలాకుకి రెండు. కుంకుమ తడిపి ఉంగరం వేలితో పెట్టేదాన్ని. అమ్మగారు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి ఒకటే పాఠం చెప్పేవారు, "ఒక బొట్టుది ముందు, రెండు బొట్లది తర్వాత." ఊళ్ళో అందరికీ వచ్చేసింది ఆ పాఠం.

ఆ బొట్టు పెట్టే పని నాది. పదిహేనేళ్ళు నాదే.

మా ఆయన మామిడి తోటల్లో కాయలు కోసేవాడు. సీజను అయిపోయాక జ్వరం వచ్చి పోయాడు. దీని గురించి ఇంతకన్నా చెప్పను, ఆయనకి ఎక్కువ మాట్లాడితే నచ్చదు. కర్మలన్నీ అయ్యాక, అయిదారు నెలలు ఇంట్లో కూచున్నాక, మళ్ళీ పనిలోకి వెళ్ళాను. అమ్మగారు నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మంచి మనిషి, ఆ మాట కాదనను. కళ్ళు తుడుచుకుని, "ఇదిగో, బొట్లు ఇక ఆవిడ పెడుతుందిలే. పెళ్ళిళ్ళకి వెళ్ళే పొట్లాలు కదా, ఎవరేమంటారో. నువ్వు దంచు, జల్లించు. నీలా దంచేవాళ్ళు ఎవరున్నారు" అన్నారు.

దంచడానికి చెయ్యి పనికొచ్చింది. బొట్టుకి వేలు పనికిరాలేదు. చేతికీ వేలికీ మధ్య ఎక్కడ మైల మొదలవుతుందో నాకిప్పటికీ తెలీదు. మా ఆయన పోయాడని నేనేడ్చాను సరే, నా ఉంగరం వేలు ఏం పాపం చేసింది.

అయినా అమ్మగారి మీద కోపం రాలేదు. పెద్దింటివాళ్ళు, లోకం మాటే వాళ్ళ మాట. నాకు ఒళ్ళు మండింది దాని మీద. "వద్దండీ, వదినే పెట్టనివ్వండి" అని ఒక్క మాట అంటుందేమో అని చూశాను. అనలేదు. కుంకుమ గిన్నె తన ముందుకి జరుపుకుని, ముక్కుపొడి పీల్చుకుని, పని మొదలుపెట్టింది. నా నుదుటి మీద బొట్టు తీసినప్పుడు కూడా అంత మండలేదు నాకు.

ఆ రోజు నుంచి మాట్లాడ్డం మానేశాను. అదీ మానేసింది. ఒకే రోట్లో చెరో రోకలి వేస్తున్నా మాటల్లేవు. జల్లెడ కావాలంటే రోటి అంచు మీద ఒకసారి కొట్టేదాన్ని, చేట కావాలంటే రెండుసార్లు. అది కూడా అంతే. అమ్మగారికి తెలుసు, తెలియనట్టుండేవారు. మా ఇద్దరి మాటలూ లేకపోయేసరికి పని తొందరగా అవుతోందని ఒకసారి అన్నారు కూడా.

నీలాకూ గోరింటాకూ తేడా దానికి తెలీదు కదా, మరి బొట్లు ఎలా పెట్టింది అంటారు. నేను దంచి జల్లించి రెండు బేసిన్లలో పెట్టేదాన్ని. గోరింటాకు ఎప్పుడూ బావి వైపు, నీలాకు గుమ్మం వైపు. అది అలవాటు. అది నన్నడిగేది కాదు, నేను చెప్పేదాన్ని కాదు, బావి వైపు పొట్లాలకి ఒక బొట్టు, గుమ్మం వైపు వాటికి రెండు బొట్లు పెట్టేసేది.

ఒకరోజు బావి వైపు కుంకుడు రసం ఒలికింది. కాలు పెడితే జారేలా నురగ. బేసిన్లు అటూ ఇటూ జరిపాను, ఆ జరపడంలో గోరింటాకు గుమ్మం వైపు వచ్చింది, నీలాకు బావి వైపు వెళ్ళింది. కావాలని చెయ్యలేదు. ఇంతవరకూ ఒట్టేసి చెప్పగలను. దీని తర్వాత ఒట్టు వెయ్యను.

భోజనం చేసి, ఆకూ వక్కా వేసుకుని వచ్చి కూచున్నాను. అది అప్పటికే పొట్లాలు కట్టేసి బొట్లు పెడుతోంది. చూశాను. నీలాకు పొట్లాల మీద ఒక్కొక్క బొట్టు పెట్టుకుంటూ పోతోంది. బొట్టు మాత్రం ముద్దుగా పెడుతోంది ముండ, గుండ్రంగా, అంచు చెదరకుండా. నేను నేర్పిన పద్ధతే.

మాట నోటిదాకా వచ్చింది. నోట్లో ఆకు ఉంది. ఆకు ఉమ్మేస్తే మాట బయటికొచ్చేది. నేను ఆకు నములుతూ కూచున్నాను. పొద్దున్నే వచ్చి అమ్మగారి ముందు పెడదాం, "బొట్టుకి సుమంగళి వేలు సరిపోదండీ, కాస్త ముక్కు కూడా ఉండాలి" అందాం అనుకున్నాను. ఆ మాట బాగా కుదిరిందని లోలోపల నవ్వుకున్నాను కూడా. పొట్లాలు ఆ సాయంత్రమే అమ్ముడవుతాయని అనుకోలేదు.

సాయంత్రం మామిడికాయల షావుకారు ఒకాయన పెరటి గుమ్మంలోకి వచ్చారు. యాభై దాటిన మనిషి. భార్య పోయి రెండేళ్ళు. కొట్టు ముందు నుంచి రాకుండా సందులోంచి వచ్చారంటేనే తెలిసింది, ఇదేదో గుట్టు వ్యవహారమని. ఇంతకు ముందు ఏదో రంగు డబ్బా వాడితే నెత్తంతా పొక్కిందట.

"రేపు సాయంత్రం అయిదింటికి ఏలూరు అవతల పెళ్ళిచూపులండీ" అన్నారు అమ్మగారితో, గొంతు తగ్గించి. "మా వాళ్ళు బలవంతం చేస్తున్నారు."

"మంచిదే కదండీ. ఈ వయసులో తోడుండాలి" అన్నారు అమ్మగారు. రెండు పొట్లాలు తీసి పాఠం చెప్పారు. "ఒక బొట్టుది ఇప్పుడే టీ డికాక్షన్లో ఇనప మూకుట్లో నానబెట్టుకోండి. తెల్లవారుజామునే లేచి పెట్టుకోండి. కడిగాక రెండు బొట్లది. ఇది నానబెట్టకూడదు, నీళ్ళలో కలిపిన వెంటనే పెట్టేసుకోవాలి."

"ఒకటి ముందు, రెండోది తర్వాత. పెళ్ళిళ్ళకి మల్లేనే" అన్నారాయన. అమ్మగారు నవ్వారు. అది కూడా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆయన చేతిలో పొట్లాలున్నాయి, నా నోట్లో అప్పుడు ఆకు కూడా లేదు. అడ్డమేమీ లేదు. ఆయన గుమ్మం దాటేదాకా చూస్తూ కూచున్నాను. చెప్పకుండా ఉండడం తేలికనుకోకండి, దానికీ ఓపిక కావాలి. ఆ ఓపిక నాకెక్కడ్నించి వచ్చిందో. ఇంటికి పోయి అన్నం కూడా బాగానే తిన్నాను.

తెల్లారి మేం రోలు కడుగుతుంటే సందు తలుపు చప్పుడైంది. ఆయనే. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. అమ్మగారొచ్చాక తువ్వాలు తీశారు.

ఇంకా టెంక కట్టని మామిడికాయ ఉంటుంది చూడండి, ఆ రంగు. నల్లగా ఉన్నచోట నల్లగానే ఉంది, నెరిసిన చోటల్లా పచ్చ. మీసం కూడా పెట్టుకున్నట్టున్నారు, అది ఇంకాస్త లేత పచ్చ. రాత్రంతా నానేసరికి నీలాకు సత్తువ చచ్చి, నలుపూ కాక నీలమూ కాక అలా తేలింది.

అమ్మగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఒక బొట్టుదే ముందు పెట్టుకున్నానండీ" అన్నారాయన. "మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను. కడిగి అద్దం చూసుకున్నాను, ఇక రెండోది పెట్టుకోడానికి ధైర్యం చాల్లేదు. పాలుపోసే ఆవిడ చూసేసింది. దండం పెట్టి వెళ్ళిపోయింది. ఎందుకు పెట్టిందో తెలీదు."

అమ్మగారు లోపలికి వెళ్ళి మిగతా పొట్లాలు తెచ్చారు. ఒకటి విప్పి నా ముక్కు ముందు పెట్టారు. "ఇదేంటి?"

"నీలాకండీ."

"దీని మీద ఒక్క బొట్టే ఉందేంటి?" అని దాని వైపు తిరిగారు. "బొట్లు పెట్టింది ఎవరు?"

"నేనేనండీ" అంది అది.

"పేరున్న కొట్టు. పెద్దమనిషి. ఇవాళ పెళ్ళిచూపులు. బుర్ర ఎక్కడ పెట్టుకున్నావ్? రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

అది ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ముక్కుపొడి డబ్బా కోసం చాప కిందా, బుట్టలోనూ వెతుకుతోంది. డబ్బా చేతిలోనే ఉంది. దాని మొగుడు లారీ మీంచి పడి తుంటి విరిగి రెండేళ్ళ నుంచి మంచంలో ఉన్నాడు. ఈ పనే వాళ్ళింటి పొయ్యి. ఆ సంగతి నాకు నిన్న కూడా తెలుసు.

నేనప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. "అయ్యా, ముందు కూచోండి. దారుంది" అన్నాను. నా తప్పు చెప్పడం కన్నా ఆయన తల బాగుచెయ్యడం తేలిగ్గా కనపడింది.

"నల్లగా అవుతుందా?"

"మీరు కదలకుండా కూచుంటే అవుతుంది. దీని మీదే గోరింటాకు పెట్టాలి. అది పండాక మళ్ళీ నీలాకు."

"రెండున్నరకి బయల్దేరాలమ్మా."

గోరింటాకు నానడానికే గంటలు పడుతుంది. నేను అమ్మగారి మొహం చూశాను. అమ్మగారు బావి వైపు చూశారు. వంటింట్లో బోర్లించిన గంప కింద ఒక ఇనప మూకుడు ఉంది. అందులో ముందురోజు నానబెట్టిన గోరింటాకు ఉంది. ఎవరి కోసమో మా ముగ్గురికే తెలుసు. అమ్మగారి జుట్టు అరవై దగ్గరపడ్డా అలాగే నల్లగా ఉందని, వాళ్ళ వంశమే అంత అని బజారంతా చెప్పుకుంటారు.

"తే" అన్నారు అమ్మగారు.

తెచ్చాను. ఆయన మూకుడు చూశారు. "భలే సిద్ధంగా ఉందే. ఎవరికండీ ఇది?"

"కదలకండి" అన్నారు అమ్మగారు.

ఒక్కదాన్ని పెడితే ఆలస్యమవుతుంది. ఒకరు పాయలు తియ్యాలి, ఒకరు పెట్టాలి. అమ్మగారు దానితో, "ఈ పూటకి ఉండి చేసి పో" అన్నారు. ఆయన్ని సీకాయ బస్తా మీద కూచోబెట్టి, మెడకి గోనె పట్టా చుట్టి, వెనక నేను, ముందు అది. మాటల్లేవు కదా మా మధ్య. రోలు కూడా అందుబాటులో లేదు కొట్టడానికి. ఇక ఆయన తలే దిక్కయింది.

"అయ్యా, కుడి చెవి పక్కన వదిలేశారని ఆవిడకి చెప్పండి" అంది అది.

"అమ్మా, కుడి చెవి పక్కన వదిలేశావంట."

"చెవి మీదే కదా, వంచి పట్టుకోమని చెప్పాను, మీరు పట్టుకోలేదు. ఆవిడకి మాత్రం పాయ సన్నగా తియ్యమనండి. తాడు పేనుతోందా."

"పాయ సన్నగా అంట."

"నేర్పింది ఆవిడే అని చెప్పండి."

"నన్ను వదిలేసి మీరూ మీరూ మాట్లాడుకోకూడదా?" అన్నారాయన.

మధ్యలో ఫోన్లు. సీజను కదా, ఆయన లారీలు ఆయన్ని బతకనివ్వవు. ఫోను చెవికి ఆనిస్తే గోరింటాకు అంటుతుంది, అందుకని దూరంగా పట్టుకుని అరుస్తున్నారు. "ఎక్కడున్నావురా? హనుమాన్ జంక్షన్ దగ్గరా? కాయలు ఎండలో పెట్టకు, పట్టా కప్పు. నేనా? నేను గుళ్ళో ఉన్నాను. అవును, అభిషేకం. టైం పడుతుంది."

గోరింటాకు నెత్తి నుంచి నుదుటి మీదికి కారుతోంది. అభిషేకమే మరి.

తల సగం అయింది. అప్పుడు అది ఆయన ముందు నుంచి నా వైపు చూడకుండానే అంది. "అయ్యా, ఆవిడ్ని ఒక మాట అడగండి. నిన్న నేను బొట్లు పెడుతున్నప్పుడు ఎదురుగానే కూచుంది. ఏ ఆకో వాసన చూసి కళ్ళు మూసుకుని చెప్పే మనిషి. కనపడలేదా అని అడగండి."

ఆయన అడగలేదు. తల తిప్పి నా వైపు చూశారు. తిప్పకూడదు, తిప్పారు.

నేను ఏమైనా చెప్పొచ్చు. ఎండ కళ్ళలో పడింది అనొచ్చు. చెబితే నమ్ముతారు కూడా. దాని ఉద్యోగం పోతుంది, బొట్టు గిన్నె మళ్ళీ నా దగ్గరికి రాకపోయినా దాని దగ్గరా ఉండదు. నాలుగు నెలలుగా నేను కోరుకుంది అదే కదా. ఆయన మీసం పచ్చగా నా వైపు చూస్తోంది.

"కనపడింది" అన్నాను.

"కనపడితే?"

"చెప్పలేదు. సాయంత్రం మీరు పట్టుకెళ్తున్నప్పుడు కూడా చూశాను. అప్పుడూ చెప్పలేదు."

అమ్మగారు ఆయనకి టీ పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. విన్నారు.

"నేనేం చేశానమ్మా నీకు?" అన్నారాయన. కోపంగా కాదు. నిజంగా అడిగారు.

"మీరేం చెయ్యలేదయ్యా. మీకు ఆవిడ పోయి రెండేళ్ళయింది, మీరు పెళ్ళికొడుకవుతున్నారు. నాకు ఆయన పోయాడు, నేను పొట్లం మీద చుక్క పెట్టడానికి పనికిరానంట. వేలు పనికిరాదన్నప్పుడు నోరు మాత్రం ఎందుకు పనికిరావాలి అనుకున్నాను. తప్పే. మీ తలకీ నా వేలికీ ఏ సంబంధమూ లేదు."

ఆయన తల మళ్ళీ ముందుకి తిప్పుకున్నారు. తర్వాత, "ముక్కు మీదికి కారుతోంది, ఎవరైనా తుడవండి" అన్నారు.

అది ఆయన ముక్కు తుడవలేదు. లేచి, గోరింటాకు చేత్తోనే నా చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగా కాదు, మెల్లగానూ కాదు. మళ్ళీ కూచుని పాయ తీసింది. కడుక్కోడానికి నా చేతులు ఖాళీ లేవు. నాలుగు వేళ్ళూ చెంప మీద ఎర్రగా పండాయి. వారం రోజులు ఊళ్ళో ఆ చెంప పైట కింద దాచుకుని తిరిగాను.

"అయితే నువ్వు కూడా రానక్కర్లేదు" అన్నారు అమ్మగారు నాతో. "ఇంత కడుపులో పెట్టుకుని నా ఇంట్లో తిరుగుతున్నావా?"

అప్పుడది అంది, తల ఎత్తకుండా. "వదిన పోతే ఏ ఆకు ఏదో మీకెవరు చెప్తారండీ? నా ముక్కు సంగతి మీకు తెలుసు. నన్ను పంపెయ్యండి, ఆవిడ్ని ఉంచుకోండి. లేకపోతే రేపు ఇంకొకాయన వస్తారు తువ్వాలు చుట్టుకుని."

వదిన అంది. నాలుగు నెలల తర్వాత.

"మీ ముగ్గురూ తర్వాత తేల్చుకోండి" అన్నారాయన. "ముందు నా తల. అమ్మగారూ, ఈ మూకుడు గురించి నేను బజార్లో ఎక్కడా మాట్లాడనండి. మీరు కూడా ఈ పూట ఎవర్నీ ఏమీ అనకండి."

అమ్మగారు టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

గోరింటాకు మూడు గంటలు ఉంచాం. కడిగితే ఇటుక రంగు, లోపల ఎక్కడో పచ్చ. అప్పుడు నీలాకు. ఈసారి కొత్త పొట్లం నేనే విప్పి, వాసన చూసి, దాని అరచేతిలో చిటికెడు వేసి నీళ్ళ చుక్క వేశాను. కాసేపటికి నీలం తేలింది. "ఇలా చూసుకోవే. ముక్కు లేకపోతే అరచెయ్యి ఉంది" అన్నాను. ఈ ఉపాయం మొదట్లోనే నేర్పి ఉంటే సరిపోయేది. నేర్పలేదు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదని ఎక్కడో ఉంది నాకు. ఆడపిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, వాసన మీ ముక్కులోనే దాచుకుంటే ఎప్పుడో అది మిమ్మల్నే తుమ్మిస్తుంది.

రెండు దాటాక కడిగాం. నలుపే. కాకినలుపు కాదు, తుమ్మ మొద్దు నలుపు, వయసుకి తగ్గట్టుంది. మీసం కూడా దారికొచ్చింది. కుడి చెవి పైఅంచు మాత్రం నీలంగా ఉండిపోయింది, ఎంత తోమినా పోలేదు. వంచి పట్టుకోమంటే పట్టుకోలేదు కదా.

ఆయన బయల్దేరుతుంటే నేను అలవాటుగా రోటి వెనక్కి తప్పుకున్నాను. శుభకార్యానికి వెళ్ళే మనిషికి నాలాంటిది ఎదురు రాకూడదు. ఆయన సందు తలుపు దగ్గర ఆగి, "ఇటు రామ్మా, ముందు నుంచి సరిగ్గా చూసి చెప్పు, ఎక్కడైనా పచ్చ కనపడుతోందా" అన్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడి చూశాను. "లేదయ్యా, వెళ్ళిరండి" అన్నాను. వెళ్ళారు. ఎదురొచ్చినట్టా కాదా, మీరే చెప్పండి.

సంబంధం కుదిరింది. తర్వాత ఆ పెళ్ళికూతురే మా కొట్టుకి వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి, నవ్వు మొహం. చెవి నీలంగా ఎందుకుందని పెళ్ళిచూపుల్లో ఆవిడే అడిగిందట, ఆయన అబద్ధం చెప్పలేక మొత్తం చెప్పేశారట. "నాక్కూడా ఒక బొట్టుదీ, రెండు బొట్లదీ ఇవ్వండి" అంది అమ్మగారితో. "మనిషి మీద వాడి చూశారుగా, ఇక భయం లేదు."

మా ఇద్దరి సంగతా. ఆ సాయంత్రం అమ్మగారు ఏమీ చెప్పలేదు. రమ్మనలేదు, వద్దనలేదు. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం, వద్దంటే తిరిగి వచ్చేద్దామని. రోటి దగ్గర కూచున్నాం. తప్పు బొట్ల పొట్లాలన్నీ విప్పి కొత్త కాయితాల్లో కట్టాలి. కట్టాం. కుంకుమ గిన్నె దాని ముందుంది. తడిపింది. తడిపి, నా ముందుకి జరిపింది. జరిపి గోడ వైపు తిరిగి కూచుని, ముక్కుపొడి తీసి, తుమ్మడం మొదలుపెట్టింది. అంతసేపు తుమ్మే మనిషిని నేను చూడలేదు.

నేను బొట్లు పెట్టాను. ఒకటి, ఒకటి, ఒకటి. తర్వాత రెండేసి. మొదటి రెండు మూడు వంకరగా వచ్చాయి, వేలికి అలవాటు తప్పి.

అమ్మగారు గుమ్మంలో నిలబడ్డారు. ఎంతసేపట్నించో తెలీదు. నా వేలు చూశారు, గిన్నె చూశారు. "ఎండ ముదురుతోంది. అయినవి అయినట్టు లోపల పెట్టండి" అని వెళ్ళిపోయారు. ఇక ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నలుగు పొట్లాలకి మాత్రం బొట్టు అదే పెట్టింది, నేనే వద్దన్నాను. పెళ్ళిళ్ళవాళ్ళతో మనకెందుకు గొడవ. నాకు కావలసింది నాకు దొరికింది.

దానికి మాత్రం నేనంటే పూర్తిగా మనసు విరిగిందో, అతుక్కుందో అడగలేదు. ఒకసారి అదే అంది, కుంకుళ్ళు కొడుతూ. "చూసి చెప్పనందుకు నిన్ను చంపాలి వదినా. చూశానని చెప్పావు గనక సగం మాఫీ. మిగతా సగం నేను పోయేదాకా ఉంచుకుంటా." ఉంచుకుంది. పండక్కీ పబ్బానికీ, కొత్తవాళ్ళెవరైనా పెరట్లోకి వచ్చినా, చివరికి మొగుడు పోయిన రోజున ఏడుపు మధ్యలో కూడా, ఏదో వంకన ఒక మాట విసిరేది. నేను పడేదాన్ని. ఒక విషయం మాత్రం చెప్పాలి. వాళ్ళాయన పోయాక దాని బొట్టు కూడా తీసేశారు. మరుసటి నెల పనిలోకి వచ్చి గిన్నె దగ్గర నిలబడి నా మొహం చూసింది. "కూచోవే, నీలాకు పొట్లాలు నీవి, గోరింటాకువి నావి" అన్నాను. అంతే.

అయిపోయింది. ఇంకేం లేదు రాయడానికి.

ఏదీ, మొదట్నించీ చదువు ఇప్పుడు. నువ్వు మంచిదానివే, అమ్మమ్మ పరువు పోతుందని "చూసుకోలేదు" అనో, "గమనించలేదు" అనో సర్ది రాసే రకం నువ్వు. రాస్తుంటే మధ్యలో కలం ఆగింది, నేను విన్నాను. "చూశాను, చెప్పలేదు" అనే చోట ఆగి, అక్కడ నా వేలు పెట్టించు. చదవడం రాకపోయినా ఆ రెండు మాటలూ ఎలా ఉంటాయో చూసుకుంటాను. కానివ్వు, చదువు. గట్టిగా చదువు.